భాంగ్రా పోటీలను చూసైనా మన సంఘాలు కదలాలి

సంపాదకుడికి,

అమెరికాలో తెలుగు మహాసభలు జరిగిన ప్రతిసారీ సాంస్కృతిక కార్యక్రమాల గురించి పత్రికల్లో గొప్పగా రాస్తారు. తీరా చూస్తే ఎక్కువ సేపు సినిమా పాటల డాన్సులే. ఇదే దేశంలో కాలేజీ పిల్లలు పంజాబీ జానపద నృత్యం భాంగ్రాను ఎలా నిలబెట్టారో మన పెద్దలు ఒకసారి చూడాలి.

జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు 1990లలో ‘భాంగ్రా బ్లోఔట్’ అనే పోటీ మొదలుపెట్టారు. తర్వాత చాలా ఊళ్లలో ఇలాంటి పోటీలు పుట్టాయి. మా పిట్స్‌బర్గ్‌లో 2007లో కార్నెగీ మెలన్ విద్యార్థులు మొదలుపెట్టిన పోటీలో వచ్చిన డబ్బు సేవాసంస్థలకు వెళ్తుంది. హాలు బుకింగ్ దగ్గర్నుంచి బయటి జట్లకు బస చూడటం దాకా అంతా ఇరవై ఏళ్ల పిల్లలే. పోటీకి ముందు రాత్రి అన్ని జట్లనూ ఒకచోట చేర్చి ఆటలు, భోజనాలు పెడతారు. స్నేహాలు కుదిరేది అక్కడే. మా అబ్బాయికి పంజాబీ ఒక్క ముక్క రాదు. అయినా సాప్‌లు (ముడుస్తూ తెరుస్తూ చప్పుడు చేసే చెక్క వాయిద్యాలు) పట్టుకుని స్టేజీ దద్దరిల్లేలా ఆడతాడు. కోలాటం కోలలు మాత్రం ఇంతవరకూ పట్టలేదు. పిలిచినవాళ్లుంటే కదా!

జానపదాన్ని పోటీకి పెడితే పాడవుతుందని కొందరంటారు. ఇవాళ మనం చూసే స్టేజీ భాంగ్రా తయారైందే అలా. దేశ విభజన తర్వాత పెప్సూ (అప్పటి పాటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాల రాష్ట్రం) జట్టు 1954 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆడింది. ఆ తర్వాత పంజాబ్ కాలేజీల యూత్ ఫెస్టివళ్లు దాన్ని పెంచాయి. ఝూమర్, లుడ్డీ వంటి వేర్వేరు ఆటలు అందులో వచ్చి కలిశాయి. పోటీలన్నాక మార్కుల మీద అలకలూ ఉంటాయి, మోకాళ్ల నొప్పులూ ఉంటాయి. అవి ఎక్కడైనా తప్పవు.

మహాసభలో ఒక పూట కోలాటం, చెక్కభజన, తప్పెటగుళ్లు, డప్పు, ధింసాలకు ఇచ్చి విద్యార్థి జట్లను పిలవండి. (గుస్సాడీని మాత్రం లాగొద్దు. అది దీపావళి రోజుల్లో గోండులు దీక్షతో చేసేది.) సినిమా తారల విమాన ఖర్చుల్లో కొంత తగ్గించుకుని అరకు నుంచో శ్రీకాకుళం నుంచో కళాకారులను రప్పించి, ముందుగా పిల్లలకు నేర్పించండి. నిర్వహణ విద్యార్థుల చేతుల్లోనే పెట్టండి. జడ్జీల మార్కుల షీట్లు ప్రతి జట్టుకూ ఇవ్వండి. స్పాన్సర్‌ గారి అమ్మాయి ఉన్న జట్టుకే ఫస్ట్ ప్రైజ్ అని తేలితే రెండో ఏడాది ఒక్క జట్టూ రాదు.

— ఒక విద్యార్థి తల్లి, పిట్స్‌బర్గ్