అంబాసిడర్ ముందు చక్రాలకు పట్టీలు వేయించే ముందు

సంపాదకులు గారికి,

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పాత అంబాసిడర్లను వెతికి కొని బాగుచేయించుకునే ముచ్చట మళ్లీ కనిపిస్తోంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయినా, సరిగ్గా చూసుకుంటే ఈ బండి ఇంకా చాలాకాలం నడుస్తుంది. చిక్కల్లా ఒక్కటే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాలి కాబట్టి ముందు భాగం గట్టిగా ఉండాలంటూ, వెల్డింగ్ షాపులో చేతికందిన ప్రతి ఇనుముకీ 6 మి.మీ. మందం పట్టీ అతికించేస్తున్నారు. లారీ ఛాసిస్‌కి చెల్లే పని కారుకి చెల్లదు.

అంబాసిడర్ ముందు చక్రం మడతపడడానికి చాలాసార్లు కారణం ఇనుము పలచన కావడం కాదు, మరలు (స్క్రూకి ఉండే మెలి గాట్లు) అరగడం. స్టీరింగ్‌తో పాటు ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కడ్డీ కింగ్ పిన్. అది పైనా కిందా మరలున్న లింకుల్లో తిరుగుతుంది. గ్రీజు అందకపోయినా, వాగు నీళ్లు, బురద దూరినా మరలు తినేసుకుపోతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండిని గుంతలో దింపిన రోజున పిన్ను లింకులోంచి ఊడి వస్తుంది. దాన్ని ఏ పట్టీ ఆపలేదు.

అందుకే ముందు ఊగులాట చూడాలి. జాకీని కింది ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి) కింద పెట్టి చక్రం లేపండి, బాడీ కింద పెడితే తేడా తెలియదు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్, లింకులు. ఇవి మార్చాల్సినవే. వెల్డింగ్‌తో మర నింపి మళ్లీ కోయించడం ఆత్మహత్యతో సమానం. కొత్తవి వేశాక చక్రం గాల్లో ఉండగా, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టాలి. 1,500 కిలోమీటర్లకోసారి చాలు. వానాకాలంలో అంతవరకూ ఆగొద్దు.

కింగ్ పిన్, స్టబ్ యాక్సిల్ (చక్రం ఎక్కే పొట్టి ఇరుసు), స్టీరింగ్ ఆర్మ్, టోర్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ), ఈ నాలుగింటి దగ్గరికి వెల్డింగ్ రాడ్ రానే కూడదు. వేడి తగిలిన చోట వాటి ఇనుముకి పెట్టిన పదును, అంటే గట్టిదనం, పోతుంది, పక్కనే పెళుసుబారుతుంది. టోర్షన్ బార్ మీద ఒక్క నిప్పురవ్వ అతుక్కున్నా పగులు అక్కడినుంచే మొదలవుతుంది. విప్పేటప్పుడు గుర్తు పెయింట్‌తో పెట్టాలి, ఉలితో గాటు పెట్టకూడదు. ఇన్నేళ్లు ఒకే వైపు మెలి తిరిగిన బార్ కాబట్టి ఎడమది కుడికి మార్చకూడదు.

మరి బలపరచాల్సింది ఏది? ఆ భాగాలను మోసే బాడీ రేకును. టోర్షన్ బార్ వెనక చివర కూర్చునే క్రాస్ మెంబర్ (బండి అడుగున అడ్డంగా ఉండే దూలం), ఆర్మ్ బిగించే పెట్టె భాగం, షాక్ అబ్జార్బర్ బ్రాకెట్ అతుక్కునే చోటు, ఈ మూడు చోట్లా తుప్పు, పగులు వస్తాయి. సోంపేట నుంచి బరంపురం దాకా ఉప్పుగాలి తిన్న బళ్లలో మరీ ఎక్కువ. పెయింట్ గీకి, కిరసనాయిలు పూసి పావుగంట ఆగి తుడిచి, సుద్దపొడి రాయండి. పగులుంటే తడి గీత తేలుతుంది. దాని రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు.

తుప్పు రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, 14 గేజ్, అంటే 2 మి.మీ. రేకుతో అతుకు వేయించండి. 6 మి.మీ. పట్టీ తాను వంగదు, అదురంతా దాని అంచున ఉన్న పలచటి రేకు మీద పడుతుంది, ఏడాది తిరగకుండానే వెల్డింగ్ పక్కన కొత్త పగులు వస్తుంది. అతుకు మూలలు గుండ్రంగా ఉండాలి. వెల్డింగ్ అంగుళం వేసి రెండంగుళాలు వదిలి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క వేస్తే రేకు మెలి తిరగదు. అంతకంటే ముందు టోర్షన్ బార్ విప్పించండి, బ్యాటరీ తీగలు తీయించండి. పెట్టె అడుగున నీళ్లు కారే రంధ్రం మూసుకుపోకుండా చూడండి. ఈ ఒక్కటీ మరిచిపోయే షాపులే ఎక్కువ.

బిగింపులోనూ ఒక మెళకువ ఉంది. రబ్బరు బుష్‌ల (ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు) బోల్టులు చక్రాలు నేల మీద ఉండి బండి బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చిరుగుతుంది. తర్వాత చదును నేల మీద రెండు వైపులా ఎత్తు కొలిచి, అలైన్‌మెంట్ చేయించండి. బయటికి పొడుచుకొచ్చే వెడల్పు అల్లాయ్ చక్రాలు వేయిస్తే మాత్రం ఇంత పనీ వృథా, స్టబ్ యాక్సిల్ మీద భారం పెరుగుతుంది.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వచ్చిన పాత కార్ల ముందు చక్రాలను అధికారులు ఒకసారి జాకీ మీద లేపి ఊపి చూడాలని మనవి. తీసేసిన కింగ్ పిన్నులు, లింకులను యజమానులు దగ్గరుండి కటింగ్ వీల్‌తో రెండు ముక్కలు చేయించి పాత ఇనుముకి వేయాలి. అలా చేయకపోతే అవే కడిగి, నల్లరంగు పూసుకుని మళ్లీ కొట్లోకి వస్తాయి.

— కొందరు కారు మెకానిక్కులు, పాతపట్నం