చింతపిక్కల లెక్క

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోప్పడకు. నాన్న కాలు నయమైంది, నా బదిలీ తేలలేదు, ఎండలు నీకు తెలిసినవే. అసలు సంగతి విను.

చెల్లి పురిటికి వచ్చి ఇక్కడే ఉంది కదా, పాపకి 7వ నెల. మూడు వారాల క్రితం మా అపార్టుమెంటులో పుట్టినరోజు పార్టీ. పై అంతస్తు బాబు పిల్లలందరితో కలిసి గంతులేశాడు. మూడోరోజుకి ఒళ్లంతా తట్టు! వాడికి తట్టు టీకా ఒక్కటీ పడలేదట. ఒంటి మీద కనబడడానికి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుందిరా అది. ఆ పార్టీ పిల్లలే రోజూ సాయంత్రం మా పాపని ఎత్తుకునేది. పాపకేమో 9 నెలలు నిండితే గానీ టీకా లేదు. ఆ రాత్రి చెల్లికీ నాకూ నిద్ర లేదు.

మర్నాడు సచివాలయం నర్సు (ఏఎన్ఎం) గారు ఇంటింటికీ వచ్చి టీకాల కార్డులు చూశారు. నా టెన్షన్ చూసి, అమ్మ చింతపండు ఒలుస్తున్న చాటలోంచి పిక్కలు తీసుకుని గచ్చు మీద పేర్చారు. మధ్యలో ఒకటి, చుట్టూ 15. "ఎవరికీ రక్షణ లేకపోతే ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుందండీ. 15 అనుకోండి" అంటూ టీకా రక్షణ ఉన్నవాళ్ల లెక్కన ఒక్కో పిక్కే పక్కకి జరిపారు. 14 జరిపాక ఒకటి మిగిలింది. "ఈ ఒక్కరి నుంచి ఇంకొకరు. గొలుసు తెగదు. 15లో 14 అంటే నూటికి 93. అందుకే అంతకన్నా ఎక్కువగా, నూటికి 95 మందికి రక్షణ ఉండాలి."

అందరికీ ఒక డోసు వేస్తే చాలదా అన్నాను. 9 నెలలకి వేసేది నూటికి దాదాపు 85 మందికే పడుతుందట. అంటే ఊరంతా వేయించినా 95 రాదు! 16-24 నెలల మధ్య వేసే రెండోదానితోనే 97 దాకా వెళ్తుంది. రెండోది బలం కోసం అనుకునేవాణ్ణి. నూటికి మొదటిది పట్టని ఆ 15 మంది కోసంరా అది!

పార్టీకి వచ్చిన మిగతా 11 మందికీ రెండు డోసులూ ఉన్నాయి. ఒక్కరికీ రాలేదు. 21 రోజులు చూడమన్నారు, ఇవాళ 22. పాప హాయిగా నిద్రపోతోంది. ఎవరి పిల్లల జబ్బకో పడ్డ సూది దీన్ని కాచింది, ఎలా చెప్పను...

పైవాళ్ల మీద ముందు మండిపడ్డాను. సూదికి జ్వరం వస్తుందని ఆ తల్లి భయపడిందట. బాబుకి తగ్గింది గానీ చెవిపోటు ఇంకా పోలేదు. వాడి ఏడుపు కిందికి వినిపిస్తుంటే కోపం ఎక్కడుంటుంది?

మీ బుడ్డోడికి ఏడాదిన్నర కదూ? కార్డు తీసి చూడు. మన ప్రకాశం బ్యారేజీ మీద ఒట్టు!

అదిగో పాప లేచింది, చెల్లి పిలుస్తోంది. మీ ఆవిడకి నమస్కారాలు చెప్పు.

నీ
రాము