నాన్న యూనిట్లు లెక్కపెడుతున్నాడు

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మొన్న ఫోన్లో "సోలార్ పెట్టించావంట కదా, పనికొస్తుందా, నన్నూ పెట్టించుకోమంటావా" అని అడిగావు. బస్టాండులో ఉండి "బాగుందిరా, పెట్టించుకో" అని పెట్టేశాను. ఇంటికొచ్చాక మనసుకి సరిపోలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మా డాబా గుర్తుంది కదా? పదో తరగతి పరీక్షలప్పుడు చాప వేసుకుని చదివింది అక్కడే. పొద్దున లేచేసరికి పుస్తకం అట్ట మీద వేలితో పేరు రాసేంత బూడిద ఉండేది. అమ్మ వడియాలు పెడితే పైన నాన్న పాత పంచె కప్పేది, సాయంత్రానికి పంచె రంగు మారిపోయేది. స్కూలు చొక్కాలు ఎండలో కాకుండా వసారాలో ఆరేసేవాళ్ళు. ఎక్కడికైనా వెళ్ళొస్తుంటే బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు పొగగొట్టాలు కనిపించగానే ఊరొచ్చిందని బస్సులో లేచి నిలబడేవాళ్ళం. ఊళ్ళన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాం. నేను డిగ్రీకి వరంగల్ వెళ్ళిన మొదటి వారంలో, తీగ మీద ఆరేసిన చొక్కా తెల్లగా అలాగే ఉండటం చూసి ఆశ్చర్యపోయాను.

నాన్న 31 ఏళ్ళు బొగ్గు దించే దగ్గరే చేశాడు. వ్యాగన్లు తలకిందులై బొగ్గు పడుతుంటే లేచే దుమ్ములోనే డ్యూటీ. బీడీ కూడా ముట్టని మనిషి, ఇప్పుడు మంచం పక్కన నెబులైజర్ లేనిదే పడుకోడు. ఇదంతా బొగ్గు వల్లే అని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వలేదు. కానీ నాన్నతో పాటు రిటైరైన వాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా ఆ దగ్గే వినిపిస్తుంది.

మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే రా. పొగగొట్టానికి ముందు దాన్ని పట్టేసే యంత్రాలు ఉంటాయి, చాలా భాగం పడతాయి కూడా. మిగిలేది మరీ మెత్తటిది. వెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్ఫయ్యో వంతు ఉండే ధూళి, ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి పోతుంది. దానికి తోడు గంధకం పొగ, అది గాలిలో కలిసి మళ్ళీ సన్న ధూళిగా మారుతుంది. ఆ గంధకాన్ని తగ్గించాలని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. గడువు పెంచారు, మళ్ళీ పెంచారు, చివరికి 2025 జులైలో చాలా ప్లాంట్లకి గంధకాన్ని పట్టే యంత్రాలు అక్కర్లేదనేశారు. నాకు చాలా బాధేసింది. ఆ గొట్టాల కింద కూడా పిల్లలు చాప వేసుకుని చదువుకుంటున్నారు కదా.

సోలార్ మాట ఎత్తితే నాన్న ఒప్పుకోలేదు. "ఆ బొగ్గే నిన్ను చదివించింది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అన్నాడు. నేను వాదించలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మన ఫీజులు, అక్క పెళ్ళి, ఈ ఇల్లు, అన్నీ అందులోంచి వచ్చినవే. నెల్లాళ్ళు ఆగి, ఒకరోజు ఆయన్నే కూర్చోబెట్టి కరెంటు బిల్లులు ముందు పెట్టాను. ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్ళకి కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుందని చెప్పాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు.

ఒక చోట దెబ్బతిన్నాం, నువ్వు తినకు. ప్యానెళ్ళు బిగించినవాళ్ళు మనం వాడిన కరెంటునీ, మిగిలి లైన్లోకి పంపిన కరెంటునీ విడివిడిగా లెక్కకట్టే నెట్ మీటరు రాకముందే ఆన్ చేసి వెళ్ళిపోయారు. పాత మీటర్లు కొన్ని మనం బయటికి పంపిన యూనిట్లని కూడా వాడిన లెక్కలోనే వేస్తాయి. మొదటి నెల బిల్లు అంతకుముందు కంటే ఎక్కువొచ్చింది. నాన్న నావైపు ఒక్క చూపు చూశాడు, అంతే. మీటరు మార్చాక సర్దుకుంది. నువ్వైతే నెట్ మీటరు బిగించేదాకా స్విచ్ వేయనివ్వొద్దు.

ఇంకోటి. కరెంటు పోతే ఇది కూడా ఆగిపోతుంది. నెత్తిన ఎండ మండుతుంటే ఇంట్లో ఫ్యాన్ తిరగదు. మొదటిసారి అమ్మ "ఇంత ఖర్చు పెట్టింది ఇందుకా" అంది. లైన్ ఆపేసి స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి వెళ్ళే కరెంటు తగలకూడదని, ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు తనంతట తానే ఆగుతుంది. ఆ మాట చెప్పాక అమ్మ మళ్ళీ ఎత్తలేదు. కోతలు ఎక్కువుంటే బ్యాటరీ ఉన్నది తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. మే నెలలో ఎండని చూసి ఎక్కువ ఆశపడకు, ప్యానెల్ బాగా వేడెక్కితే కరెంటు తగ్గుతుంది. దానికి కావలసింది వెలుగు, వేడి కాదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా. పది రోజులకోసారి ప్యానెళ్ళు తుడవాలి. ఎండెక్కాక కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు కాబట్టి తెల్లారకముందే లేస్తాం. నేను పైకెక్కి తుడుస్తాను, నాన్న కింద ముక్కుకి తువ్వాలు కట్టుకుని నీళ్ళు అందిస్తాడు. గుడ్డ ఒక్కసారి లాగితే నల్లటి అద్దం మీద చార పడుతుంది, గుడ్డ పిండితే బకెట్లో నీళ్ళు సిమెంటు కలిపినట్టవుతాయి. అదే బూడిదరా, మన పుస్తకాల మీద పడ్డదే. తుడవకముందు రోజుకి 10 యూనిట్లు దాటనిది తుడిచిన మర్నాడు 12కి పైన చూపించింది. నాన్న ఆ బకెట్ వైపు చాలాసేపు చూసి ఏమీ అనకుండా మందార చెట్టు మొదట్లో పోసేశాడు.

ఆ సాయంత్రం ఆయనే లెక్క వేశాడు. బొగ్గు లెక్కలు నాకంటే ఆయనకే బాగా తెలుసు. "యూనిట్‌కి ముప్పావు కిలోకి కాస్త తక్కువ బొగ్గు పడుతుంది. 12 యూనిట్లంటే ఎనిమిది కిలోలు. అందులో బూడిద మూడు కిలోలు." అని చెప్పి, అమ్మ చాట వైపు చూపించి "దాని నిండుగా ఉంటుంది" అన్నాడు. అప్పటినుంచి రోజూ సూర్యాస్తమయం కాగానే ఫోన్ తీసి యాప్‌లో ఆనాటి యూనిట్లు చూస్తాడు. గోడ క్యాలెండర్లో తేదీ కింద పెన్సిల్‌తో రాస్తాడు. మబ్బు పట్టిన రోజు 5 అని రాయాల్సి వస్తే దిగులు పడతాడు.

రాత్రి మా ఇంట్లో వెలిగే బల్బు చాలావరకు బొగ్గుతోనే వెలుగుతోంది, అది దాచను. నెబులైజర్ కూడా దానితోనే. కానీ పగలు తగ్గినంత తగ్గినట్టే కదా. రామగుండం రిజర్వాయరు నీళ్ళ మీద 2022లో 100 మెగావాట్ల ప్యానెళ్ళు తేల్చారు, థర్మల్ ప్లాంటు పక్కనే. ఫొటో చూపిస్తే నాన్న వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశాడు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ మధ్య 1,000 మెగావాట్ల పార్కు ఉంది, ఆయన్ని ఒకసారి తీసుకెళ్ళాలి. ప్యానెల్ తయారీకీ కరెంటు కావాలి, నిజమే. మన ఎండకి రెండేళ్ళలోపే అంత కరెంటు తిరిగిచ్చేసి, పాతికేళ్ళు పనిచేస్తుంది. ఆ పాతికేళ్ళూ పొగ లేదు, బూడిద లేదు.

నీ చిన్నదానికి ఇన్‌హేలర్ వాడుతున్నారని చెల్లెమ్మ చెప్పింది. అది విన్నప్పటి నుంచే నీకు రాయాలనుకుంటున్నా. మీ డాబా మీద నీడ పడే ట్యాంకులు, పక్కింటి గోడలు ఎటువైపున్నాయో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫొటోలు తీసి పంపు. పన్నెండు నెలల బిల్లులు కూడా పంపు. ఎన్ని కిలోవాట్లు కావాలో నాన్నే లెక్కకట్టి చెప్తానంటున్నాడు, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు.

నీ
శేఖర్