చిన్న జ్వరమైనా రిజిస్టర్‌లో రాయాలి

సంపాదకులకు,

మొన్న మా వీధిలో ఒక పసిబిడ్డకు పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) సూది వేశాక జ్వరం 103 దాకా పోయింది, తొడ గట్టిగా వాచింది. మళ్లీ సూదికి పోయినప్పుడు తల్లి ఆ సంగతి చెబితే 'అది మామూలేలేమ్మా' అన్నారంట. రిజిస్టర్‌లో ఒక్క ముక్క రాయలేదు. రెండు రోజుల్లో తగ్గే జ్వరం మామూలే, నేనూ ఒప్పుకుంటాను. కానీ రాయకుండా వదిలేస్తే ఎట్లా? జమ్మలమడుగు పల్లెల్లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో టీకాలు వేసే నర్సుగా, చేసి రిటైరైనదాన్ని, నాకు మనసొప్పడం లేదు.

రాస్తే ఏమొస్తుందంటారా? 1998లో అమెరికాలో రోటా వైరస్ వల్ల పసిపిల్లలకు విరేచనాలు రాకుండా వేసే రోటాషీల్డ్ అనే చుక్కల టీకాకు అనుమతి ఇచ్చారు. ముందు పరీక్షల్లో స్పష్టంగా తేలని సంగతి ఊరూరా వేశాక బయటపడింది. కొద్దిమంది పిల్లల్లో పేగు పేగులోకే చొచ్చుకుపోయి అడ్డం పడింది. అట్లాంటి రిపోర్టులు 15 చేరేసరికి, 1999 జూలైలో ఆ టీకా ఆపమన్నారు. తర్వాత విదేశాల్లో వచ్చిన రెండు రోటా టీకాలకు, ఒక్కోదానికి 60 వేలమందికి పైగా పసిపిల్లలతో పరీక్షలు చేశారు. మన రాష్ట్రంలో 2016లో రోటావ్యాక్ అనే రోటా చుక్కల టీకా మొదలైంది. చుక్కలు వేశాక బిడ్డ ఆగకుండా వాంతులు చేసుకున్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పేది అందుకే.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు గాజు సిరంజీలు ఉడకబెట్టి వాడేవాళ్లం. ఇప్పుడున్నవి ఒకసారి వాడితే మళ్లీ మందు లాగడానికి రావు. తట్టు టీకా పొడిని ద్రావణంలో కలిపిన టైము సీసా మీద రాసి, నాలుగు గంటలు దాటితే పారేస్తారు. వీటి వెనక కూడా ఎక్కడో బిడ్డలకు జరిగిన చెడు, దాన్ని ఎవరో రాసిపెట్టిన కాగితం ఉన్నాయి.

రాస్తే తప్పు తమ మీదకొస్తుందని ఏఎన్‌ఎంలు జంకుతారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. టీకా తర్వాత వచ్చిందల్లా టీకా వల్లే వచ్చినట్టు కాదు. పెద్ద కేసుల్లో కారణం తేల్చడానికి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో కమిటీలున్నాయి. కింద కాగితమే లేకపోతే వాళ్లు మాత్రం దేన్ని చూసి తేలుస్తారు?

మెడికల్ ఆఫీసర్లకు నా విన్నపం ఒక్కటే. రాసిన ఏఎన్‌ఎంను సంజాయిషీ అడగొద్దు, మెచ్చుకోండి. బుధ, శనివారాల్లో తల్లుల్ని 'పోయినసారి సూది తర్వాత బిడ్డకు ఎట్లా ఉండింది' అని అడిగించి, వాళ్ల ముందే రాయించండి. పెద్ద కేసైతే విచారణలో ఏం తేలిందో ఆ ఇంటికి పోయి చెప్పి రండి.

— ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం, జమ్మలమడుగు, కడప జిల్లా