పొలం బొమ్మల్లో పని ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో వ్యవసాయ వ్యాసాల పక్కన వేసే బొమ్మల్లో స్త్రీ తరచుగానే కనిపిస్తుంది గాని, ఆమె చేస్తున్న పని కనిపించడం అరుదు. తలమీద మోపు, వెనకాల అస్తమించే సూర్యుడు, కింద ‘పల్లె అందాలు’ అన్న వ్యాఖ్య ఉంటే చాలనుకుంటున్నారు.

ఈ ధోరణి పాతదే. ఫ్రాన్స్‌లో రెండేళ్ల తేడాతో వచ్చిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 1857లో చిత్రకారుడు మిలే కోత ముగిసిన గోధుమ చేలో పరిగె, అంటే నేల రాలిన వెన్నులు, ఏరుకునే ముగ్గురు స్త్రీలను చిత్రించాడు. ఇద్దరు నేలకు వంగి వెన్నులు ఏరుతుండగా మూడో ఆమె సగమే వంగి ఉంది. ఒకామె చేతిని వెనక్కి మడిచి నడుము మీద పెట్టుకుంది. గంటల తరబడి వంగి పనిచేసినవారు ఆ చేతిని చూడగానే పోల్చుకుంటారు. దూరాన కుప్పలు, నిండిన బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి కనిపిస్తారు. ఈ చిత్రంలో పేదల తిరుగుబాటు ఛాయలు చూసి కంగారుపడ్డ విమర్శకులూ అప్పట్లో ఉన్నారు! 1859లో జూల్ బ్రెతోన్ కూడా పరిగె ఏరేవారినే ఎంచుకున్నా, పని ముగించి సంజవేళ ఠీవిగా ఇంటికి మళ్లుతున్న స్త్రీలను చూపాడు. అది అందమైన చిత్రమే, కాదనను. అయితే అందులో పని అప్పటికే అయిపోయింది.

అలాగని నడుము వంచి చూపినంత మాత్రాన సరిపోదు. 1885లో డచ్ చిత్రకారుడు వాన్ గో నేల తవ్వుతున్న స్త్రీలను పదేపదే గీసినప్పుడు పార పట్టిన తీరును, శరీరం బరువు పడే చోటును పట్టించుకున్నాడు. ఆ శ్రద్ధ లేకపోతే చూసేవారికి జాలి మాత్రమే మిగులుతుంది, పనితనం కనిపించదు. కలుపు తీతనే తీసుకోండి. లేత దశలో వరి మొక్కకూ ఊదగడ్డి అనే కలుపు మొక్కకూ పోలిక ఎక్కువ. ఆకు కాడను కలిసే చోట చూసి తేడా పట్టి, పక్క మొక్క కదలకుండా వేరుతో సహా లాగడం అనుభవంతో వచ్చే విద్య. ఆ వేళ్లను, ఆ చూపును దగ్గరగా చూపిన చిత్రం నా కంటబడలేదు.

కాబట్టి ఇకపై ఇలాంటి చిత్రాలు ప్రచురించేటప్పుడు ఆమె నాటుతోందో, కోస్తోందో, తూర్పారబడుతోందో వ్యాఖ్యలో స్పష్టంగా రాయించవలసిందిగా, ఫొటో అయితే ఆమె సమ్మతి తీసుకొని పేరు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు