పచ్చి కట్టెల గురించి ఆరో ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

నమస్కారం. ఇది నా ఆరో ఫిర్యాదు. మొదటి ఐదింటికీ ఫిర్యాదు సంఖ్యలు వచ్చాయి, జవాబులు రాలేదు. సంఖ్యలు ఇవ్వడంలో మీకు సాటి లేరు.

సంగతి చిన్నదే. ‘బాగా ఎండిన తుమ్మ కట్టెలు’ అంటూ మీరు దింపించిన బండెడు కట్టెలూ పచ్చివి. పొయ్యిలో పెడితే కొసల్లో నురగ పొంగుతుంది, బుస్సుమంటూ గోధుమరంగు నీరు నిప్పు మీదకు కారుతుంది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మొదటి రోజే ఎవరైనా ‘చూస్తామమ్మా’ అని ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

మొదటిసారి ఫోనెత్తినాయన ‘పొయ్యి ఒకసారి ఆపి మళ్లీ వెలిగించి చూశారా?’ అన్నారు. చూశానండీ. నేను ఆపనక్కర్లేకుండానే ఆరిపోయింది. రెండోసారి ఒక అమ్మాయి, తేమ కనిపించేలా ఫోటో తీసి పంపమంది. కట్టె లోపలి తేమ ఫోటోలో ఎలా పడుతుందో ఆమెకే తెలియాలి. సరే, తేమ మీటరు కొన్నాను. ఒక మొద్దును చీల్చి, అప్పుడే తెరుచుకున్న ముఖం మీద సూదులు గుచ్చితే 34 శాతం చూపించింది. 20 శాతం లోపు ఉంటేనే పొయ్యికి పనికొస్తుందని మీ రసీదు వెనకే అచ్చు వేసుకున్నారు. ఆ అంకెకు ఫోటో తీసి పంపాను. మూడు రోజులకు సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

మూడో ఆయన కట్టె కొసను కొలవమన్నారు. నీరు నారల వెంట నడిచి కొసల నుంచే ఎక్కువగా పోతుంది కాబట్టి ముందు ఎండేది అదే. లోపల ఎంత పచ్చిగా ఉన్నా అక్కడ అంకె తక్కువే వస్తుంది. ఈ మాట చెప్పగానే ‘లైనులో ఉండండి’ అని పాట పెట్టారు. 22 నిమిషాలు. ఆ పాట ఇప్పుడు నాకు కంఠస్థం.

నాలుగో ఆయన ‘ఎండలో పెట్టండి మేడమ్, వారంలో ఎండిపోతాయి’ అన్నారు. వారంలోనా! చీల్చి, నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలితే గట్టి కట్టెకు ఏడాది పడుతుంది, లావు మొద్దులకు రెండేళ్లు. మీరు పంపినవాటిని చీల్చనైనా లేదు. బెరడు అంటిపెట్టుకునే ఉంది, కొసల్లో ఒక్క నెర్రె లేదు. ఎండిన కట్టెలు రెండు తీసి కొడితే ఖంగుమంటాయి. ఇవి తడిగుడ్డల మూటల్లా మొద్దుగా పలుకుతున్నాయి. ఈ పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు, చెవులుంటే చాలు. మీ విభాగంలో కొరత వాటికే.

ఐదోసారి ‘ఇంతవరకు ఎవరూ ఇలా ఫిర్యాదు చేయలేదు’ అన్నారు. నాలుగుసార్లు నేనే చేశానంటే, అవి వేరే విభాగంలో ఉంటాయట.

పదకొండేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. అప్పట్లో మీ గోదాములో ఒక పెద్దాయన ఉండేవారు. కట్టెను చేత్తో ఎత్తి చూసి ‘ఇందులో ఇంకా నీరుందమ్మా, వచ్చే ఏడాదికి’ అని పక్కన పడేసేవారు. అప్పుడు మీకు ఫిర్యాదు సంఖ్యలు లేవు. అవసరం రాలేదు. చుట్టుపక్కల నాలుగిళ్లకు మీ పేరు చెప్పింది నేనే. ఇప్పుడు వాళ్ల ముందు మొహం చెల్లడం లేదు.

పచ్చి కట్టె వేడిలో కొంత తన నీటిని ఆవిరి చేసుకోవడానికే పోతుంది. దాంతో చల్లబడిన పొగ, పొయ్యి గొట్టం లోపల తారులా పేరుకుంటుంది. అది అంటుకుంటే ఇంటికే ప్రమాదం. గొట్టం శుభ్రం చేసినతను గీకి తీసిన నల్లటి పెచ్చు ఒకటి ఈ కవరులో పెట్టాను. చేతికి అంటుతుంది, జాగ్రత్త. మీ పై అధికారి బల్ల మీద పెట్టండి.

నాకేం కావాలో ఇంతవరకు మీరెవరూ అడగలేదు. కట్టెలు మారుస్తారో, డబ్బు తిరిగిస్తారో తర్వాతి మాట. ముందు ఒక మనిషి వచ్చి చూడాలి. పది రోజుల్లో రాకపోతే వినియోగదారుల న్యాయస్థానం ఎలాగూ ఉంది. దానికంటే ముందు, బండి మాట్లాడి ఈ కట్టెలన్నీ మీ కార్యాలయం గుమ్మం ముందు దింపిస్తాను. నేలకు తగలకుండా పేర్పించి, పైన కప్పించి, పక్కలు గాలికి వదిలిస్తాను. రెండేళ్లు కదపకండి.

ఇట్లు,
మీ పదకొండేళ్ల ఖాతాదారు