లిగమెంటు గాయాలపై ‘నానో’ పరిశోధన ఇక్కడా జరగాలి

తెగిన టెండన్లను (కండను ఎముకకు కలిపేవి), లిగమెంట్లను (ఎముకను ఎముకకు కలిపేవి) నానో పోగులతో మాన్పే పరిశోధనల గురించి చదువుతున్నాం గానీ, వరంగల్‌లో మోకాలు పట్టుకుని కూర్చున్న కబడ్డీ పిల్లలకు వాటివల్ల ఇప్పటికైతే ఒరిగిందేమీ లేదు. టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ కాబట్టి గాయం ఆలస్యంగా మానుతుంది, మానినా మునుపటి బలం రాదు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పాలిమర్ పోగులను ఒకే దిశలో పేరిస్తే, కణాలు వాటి వెంటే సాగి కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను వరుసగా అల్లుతాయి. ఇదింకా చాలావరకు ల్యాబుల్లో, జంతువుల మీదే ఉంది. ఇక్కడి గ్రౌండుల్లో చూస్తున్నదేమో వేరు: దెబ్బ తగిలిన కుర్రాడు పసరు కట్టు కట్టించుకుని, వాపు తగ్గగానే మళ్లీ కూతకు దిగుతాడు. నడుస్తుంటే మోకాలు జారిపోతున్నప్పుడు గానీ ఆసుపత్రి గడప తొక్కడు, అప్పటికే తొడ కండ సన్నబడి ఉంటుంది. ఎన్‌ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లో మొదలైనవే, ఒకే ఊళ్లో ఉన్నవే. మెటీరియల్స్ తెలిసినవాళ్లను, ఎముకల డాక్టర్లను ఒక ప్రాజెక్టులో కూర్చోబెట్టడానికి ప్రభుత్వం నిధులివ్వాలి. అది ఫలించేదాకా ఎంజీఎం ఆసుపత్రిలో వారానికో రోజు క్రీడా గాయాల ఓపీ, హనుమకొండ స్టేడియంలో ఒక ఫిజియోథెరపిస్టు ఉండేలా చూడాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ